ఇంటికి తీసికొనివచ్చుట విడిచిపెట్టుటయా?

చదువుకొనవలసిన భాగములు: మత్తయి 26:36-46, మార్కు 2:1-12, గలతీ 6:1-10



విజయవాడ బెంజ్ సర్కిల్ వద్ద బస్సు కొరకు నిలువబడిన దినములలో మేము ఒక సంగతి గమనించుచు వచ్చితిమి. మద్రాసు నుండి కలకత్తా పోవు రహదారియు, హైదరాబాదు నుండి బందరు పోవు రహదారియు అక్కడనే కలిసికొనుచున్నవి. ఇప్పుడు పైవంతెనలు వచ్చినవి గాని, క్రింద రద్దీ తగ్గినట్లు కనబడదు. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు వైపుల నుండి రోగులను తెచ్చు 108 బండ్లు కేకవేయుచు ఆ కూడలికి వచ్చును. ఆటోవాడు గాని లారీవాడు గాని, ఎంత తొందరలో ఉన్నవాడైనను ప్రక్కకు తొలగి దారి యిచ్చును. ఆ బండిలో ఆశ ఉన్నది గనుక అందరును దానిని గౌరవింతురు.

అయితే అదే కూడలిలో కేక వేయకుండ బందరు రోడ్డున తూర్పునకు తిరిగిపోవు బండ్లు కూడ కలవు. వాటిలోను ప్రాణముతో ఉన్న మనిషియే పండుకొని యుండును. ప్రక్కన భార్యయో, కోడలో, కుమారుడో ఒడిలో పరీక్షల కాగితముల సంచి పెట్టుకొని కూర్చుండును. డాక్టరుగారు వారితో, "ఇక మేము చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అని చెప్పియుందురు. ఈ బండికి ఎవరును దారి యియ్యరు. అది అడుగనే అడుగదు.

ఊరు చేరిన తరువాత ఆ కుటుంబమును ఎదుర్కొను మొదటి మాట ఏమి? "అయ్యో, తెచ్చేశారా? ఇంకో ఆస్పత్రిలో చూపించకపోయారా? హైదరాబాదు తీసుకెళ్ళకపోయారా?" అని వాకిట నిలిచి అడుగువారు చాలమంది. "డబ్బు చూసుకున్నారు" అని వెనుక అనువారును కలరు. కాబట్టి మన క్రైస్తవ మనస్సాక్షి ఎదుట ఒక ప్రశ్న నిలుచుచున్నది. బాగుపడని రోగము గల తండ్రిని, తల్లిని, భర్తను ఇంటికి తీసికొనివచ్చుట వారిని విడిచిపెట్టుటయా? ప్రేమ యొక్క కర్తవ్యము ఎక్కడివరకు?

ఈ ప్రశ్నకు త్వరపడి జవాబు చెప్పరాదు. ఇంటికి తెచ్చుట నిజముగా విడిచిపెట్టుటయే యగు సందర్భములు లేకపోలేదు. నయము కాదగిన రోగమును ఖర్చునకు వెరచి నడుమ మానిపించి, ముసలిప్రాణము ఎన్నాళ్ళుండిననేమి అని పశువులపాక ప్రక్కన మంచము వేసినవారిని మేము చూచితిమి. అది పాపమే. మరియొక ప్రక్క, డాక్టర్లు తేటగా చెప్పినను వినక, చివరి పొలము అమ్మి, ఒక ఆస్పత్రి నుండి మరియొక ఆస్పత్రికి త్రిప్పి, గొట్టముల నడుమ, బిడ్డల ముఖము కనబడని గదిలో తండ్రి ప్రాణము పోవుటకు కారకులైనవారినిగూడ చూచితిమి. వారు ప్రేమతోనే చేసిరి. కాని ఆ ప్రేమలో సగము లోకులేమందురో యను భయము కలదు. ఆ తండ్రిని ఎవరైనను అడిగిరా?

మేము తెలిసికొన్న భేదము ఇది: చికిత్స మానుట వేరు, సేవ మానుట వేరు. రోగమును జయింపజూచు చికిత్సకు ఒక హద్దు కలదు. మనిషికి చేయు సేవకు హద్దు లేదు. ఇంటికి తెచ్చినవారు సేవను మానిరా, లేక దాని రూపమును మార్చిరా? దీనినిబట్టియే అది విడిచిపెట్టుటయో, హత్తుకొనుటయో తెలియును.

మన పితరుల కాలములో మిషను వారు మన ప్రజలను ఆస్పత్రికి రప్పించుటకు ఎంతో ప్రయాసపడిరి. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ దొరసానిగారు అక్కడ 1898లో స్త్రీల కొరకు ఆస్పత్రిని తెరచి, 1930లో ఆ గుంటూరులోనే కన్నుమూసిరి. అటువంటివారి వలన ఆస్పత్రికి వెళ్ళుట మనము నేర్చుకొంటిమి. అది గొప్ప మేలు. కాని ఆస్పత్రి పని ముగిసినప్పుడు మనిషిని ఏలాగు ఇంటికి తెచ్చుకొనవలెనో నేర్చుకొనుట ఇంకను మిగిలియున్నది.

ఈ విషయములో లోకమునకు పాఠము చెప్పిన ఒక విశ్వాసురాలు కలదు. ఇంగ్లాండు దేశములో సిసిలీ సాండర్స్ అను ఆమె (1918-2005) మొదట నర్సుగాను, తరువాత ఆస్పత్రిలో రోగుల కుటుంబములను విచారించు ఉద్యోగిగాను పనిచేసెను. 1948లో వార్సా నుండి వచ్చిన ఒక యూదుడు క్యాన్సరుతో లండనులో చనిపోవుచుండగా ఆమె అతని ప్రక్కన కూర్చుండుచు వచ్చెను. బంధువులు దగ్గర లేని ఆ మనిషి తన యొద్దనున్న 500 పౌనులను, ఆమె కట్టబోవు గృహమునకు ఒక కిటికీగా ఉండుటకని యిచ్చి పోయెను. ఆ తరువాత ఆమె వైద్యము చదివి డాక్టరై, 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ అను గృహమును తెరచెను. గెత్సేమనే తోటలో ప్రభువు శిష్యులను అడిగిన దానినే ఆమె ఆ పనికి పునాదిగా ఎంచి 1965లో ఒక వ్యాసము వ్రాసెను. చనిపోవువాని నొప్పి శరీరములో మాత్రమే యుండదు. మనస్సులోను, కుటుంబములోను, ఆత్మలోను ఉండును. ఈ నాలుగింటిని కలిపి చూడవలెను అని ఆమె బోధించెను. ఆ గృహము తెరచిన రెండేండ్లకే, 1969లో, ఆమె సహోద్యోగులు రోగుల ఇండ్లకు వెళ్ళుట మొదలుపెట్టిరి. అధికులు తమ మంచము మీదనే, తమవారి నడుమనే ఉండగోరుదురు గదా!

ప్రియులారా, గెత్సేమనేలో ప్రభువు శిష్యులను ఏమి అడిగెనో చూడుడి. ఆ గిన్నెను తొలగించుమని ఆయన తండ్రిని అడిగెను గాని శిష్యులను అడుగలేదు. అది వారి వలన కాదని ఆయనకు తెలియును. తన దగ్గర మేల్కొని యుండుడని మాత్రమే అడిగెను. వారు నిద్రపోయిరి. చనిపోవువారి ప్రక్కన మన పని ఇదియే. గిన్నెను తీసివేయలేము. మేల్కొని యుండగలము. మనము తరచుగా తప్పిపోవునదియు ఇక్కడనే.

ఇక్కడ మా తప్పిదమునే ఒప్పుకొనవలసియున్నది. మా సంఘములో సండే స్కూలు చెప్పిన ఒక పెద్దాయనకు అన్నవాహికలో క్యాన్సరు వచ్చెను. పట్టణములోని వైద్యులు ఇంటికి పంపిరి. కుమారులు ఆయనకు రోగము పేరు చెప్పలేదు. మమ్మును కూడ చెప్పవద్దని గుమ్మములోనే ఆపి మాట తీసికొనిరి. ఒక సాయంత్రము అందరు బయటనున్నప్పుడు ఆయన మా చేయి పట్టుకొని, "అయ్యగారండీ, మావాళ్ళు దాస్తున్నారు. మీరు అబద్ధమాడరని నా నమ్మకం. నేను బతుకుతానా?" అని అడిగెను. మేము ఆయన ముఖము చూడలేక, దేవునికి అసాధ్యమైనది లేదని చెప్పి, కన్నులు మూసి స్వస్థత కొరకు దీర్ఘముగా ప్రార్థించితిమి. ఆ ప్రార్థనలోని ప్రతి మాటయు సత్యమే. అయినను అది అబద్ధము. మేము కన్నులు తెరచునప్పటికి ఆయన గోడవైపు తిరిగి పండుకొనియుండెను.

నాలుగు దినములు ఆ గోడవైపు తిరిగిన వీపు మమ్మును నిద్రపోనియ్యలేదు. అయిదవ దినమున వెళ్ళి, కుమారులతో ముందు మాటలాడి, తరువాత ఆయన మంచముమీద కూర్చుండి, "ఆ రోజు మీరు అడిగినదానికి మేము జవాబు చెప్పలేదండీ. మమ్మును క్షమించండి. డాక్టర్లు నయము కాదన్నారు" అని చెప్పితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "ఆ సంగతి నాకు తెలుసండి. చెప్పే ధైర్యం మీకుందో లేదో అని అడిగాను" అనెను. తరువాత నవ్వెను. ఆ యింటిలో అనేక దినములకు వినబడిన మొదటి నవ్వు అదియని ఆయన కోడలు చెప్పెను.

అప్పటినుండి ఆ యింటిలో మాటలు మొదలైనవి. ఎవరికి ఎంత బాకీయో ఆయన వ్రాయించెను. గట్టు తగవుతో తొమ్మిదేండ్లు మాటలు లేని తమ్ముని పిలిపించెను. తమ్ముడు వచ్చి మొదటి రోజు గుమ్మము దగ్గరనే నిలుచుండెను. మూడవ రోజు నుండి రాత్రి కాపలా ఆయనదే. ఆ గట్టు ఎవరిదో నేటికిని తేలలేదు. కాని రెండు గంటలకొకసారి అన్నను ప్రక్కకు తిప్పినది ఆ తమ్ముని చేతులే. నిజము దాచియుంచిన యెడల ఆ చేతులు వచ్చియుండునా?

సత్యము చెప్పుట యనగా అడుగనివానిమీద బండవలె పడవేయుట కాదు. కొందరు తెలిసికొనగోరరు, వారిని బలవంతపెట్టరాదు. ఎవరైనను అడిగినప్పుడు తప్పించుకొనకుండుటయే మన పని. హిజ్కియా రాజునకు దేవుడు ఇల్లు చక్కబెట్టుకొమ్మని ప్రవక్త ద్వారా చెప్పించెను (2 రాజులు 20). ఇల్లు చక్కబెట్టుకొను అవకాశమును మనము ప్రేమ పేరిట దొంగిలింపరాదు.

రెండవది, నొప్పి. నొప్పిని ఓర్చుకొనుటయే విశ్వాసమని, మందు అడుగుట అవిశ్వాసమని మన సంఘములలో కొందరు తలంచుచున్నారు. సిలువ యొద్ద ప్రభువు మత్తుకలిపిన ద్రాక్షారసమును పుచ్చుకొనలేదు గదా యని వారందురు (మార్కు 15:23). ఆయన పుచ్చుకొనకపోవుట మన నిమిత్తము ఆయన చేసిన పని. మనమీద పెట్టిన ఆజ్ఞ కాదు. నశించుచున్నవానికి మద్యమిచ్చుట సామెతల గ్రంథము 31వ అధ్యాయమే ఎరుగును. మంచి సమరయుడు గాయపడినవానికి ఓర్పును గూర్చి ప్రసంగింపక, గాయములమీద నూనెయు ద్రాక్షారసమును పోసెను. క్యాన్సరు నొప్పికి మెట్లుమెట్లుగా మందులిచ్చు విధానమును ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ప్రకటించినది. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్ర కలదు. డాక్టరు చెప్పిన మోతాదులో, నొప్పి వచ్చువరకు ఆగక వేళప్రకారము ఇచ్చినయెడల, అది మనిషిని త్రాగుబోతువలె చేయునను భయము అక్కరలేదు. మలబద్ధకము చేయును గనుక దానికి వేరొక మందు తోడుగా నడుగవలెను. 1985 నాటి మత్తుమందుల చట్టము వలన ఈ మాత్ర దొరకుట మన దేశములో చాలకాలము మిక్కిలి కష్టమైయుండెను. 2014లో ఆ చట్టమును సవరించి దారి కొంత సుళువు చేసిరి. కాబట్టి ఆస్పత్రి విడుచునప్పుడు, "నొప్పికి ఏమిచ్చెదరు? అది అయిపోయిన తరువాత ఎక్కడ దొరకును?" అని అడుగుటకు సిగ్గుపడకుడి.

మూడవది, ఆహారము. అన్నము పెట్టి సాకిన మన ప్రాంతములో, తినని మనిషిని చూచి ఓర్చుకొనుట కష్టము. అంత్యదినములలో శరీరము అన్నమును కోరదు. తిననందున అతడు చనిపోవుటలేదు. చనిపోవుచున్నాడు గనుక తినుటలేదు. బలవంతముగా పోసిన గంజి ఊపిరిలోనికి పోయి బాధించును. శుభ్రమైన తడిగుడ్డతో పెదవులు, నోరు తడుపుట, దుప్పటి ముడుతలు లేకుండ సరిచేయుట, ఒకే ప్రక్క పండుకొననీయక తిప్పుచు పుండ్లు పడకుండ చూచుట, చేయి పట్టుకొని మెల్లగా మాటలాడుట, ఇవన్నియు అన్నముకంటె తక్కువైనవి కావు. పలుకనివానికి వినబడదని తలంచి అతని మంచము దగ్గర పొలము పంపకములు మాటలాడకుడి.

ఇక నాలుగవదియు మిక్కిలి మరువబడునదియు, సేవచేయువారి సంగతి. ఇంటిలో చేయు సేవ యని మనము గొప్పగా చెప్పుకొందుము. నిజముగా చేయునది ఎవరు? నూటికి ఎక్కువమంది ఇండ్లలో భార్యయో, కోడలో, పెండ్లికాని కుమార్తెయో. మేము చెప్పిన ఆ కోడలు సమాధి కార్యక్రమము తరువాత మా యింటి అమ్మగారితో, "ఆయన ఎలా ఉన్నాడని అందరూ అడిగారు గానీ, నువ్వు తిన్నావా అని అడిగినోళ్ళు లేరండీ" అనెను. ఆ మాట మాకు తీర్పుమాటగా నున్నది. ఏలీయా అలసి చావగోరినప్పుడు దేవుడు అతనిని గద్దింపలేదు. మొదట నిద్రను, రొట్టెను, నీళ్ళను ఇచ్చెను (1 రాజులు 19). మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరియొక ప్రక్క నిలిచి పట్టుకొనిరి (నిర్గమ 17). సమరయుడు కూడ రాత్రింబగళ్ళు తానే కూర్చుండక, పూటకూళ్ళవానికి అప్పగించి, ఖర్చు తన మీద వేసికొని, మరల వచ్చెదనని వెళ్ళెను. ఒక్కరే మోయవలెనని దేవుడు ఎక్కడను చెప్పలేదు. గలతీ పత్రిక 6వ అధ్యాయములో ఒకరి భారములనొకరు భరింపవలెనను మాటయు, ప్రతివాడు తన బరువు తానే భరింపవలెనను మాటయు దగ్గరదగ్గరనే ఉన్నవి. చావు మనలో ప్రతివాడును తానే మోయవలసిన బరువు. దానిచుట్టు నున్న రాత్రులు, గుడ్డలు, మందులు, మాటలు మాత్రము అందరు పంచుకొనదగిన భారములు.

పక్షవాయువు గలవానిని మోసినవారు నలుగురు గదా! అతనికి బంధువులో స్నేహితులో సువార్త చెప్పలేదు, నలుగురని చెప్పినది. మంచమునకు నాలుగు మూలలు కలవు. ఒక మూల మాత్రమే ఒకరు ఎత్తినయెడల రోగి దొరలి పడును.

ఇది కేవలము ప్రసంగపు మాట కాదనుటకు మన దక్షిణదేశపు రాష్ట్రమొకటి సాక్ష్యము. కేరళలోని కోళిక్కోడులో 1993లో డాక్టరు రాజగోపాల్, డాక్టరు సురేష్‌కుమార్ మొదలగువారు నొప్పి నివారణకును, ఉపశమన సేవకును ఒక సొసైటీని ఆరంభించిరి. పిమ్మట మలప్పురము మొదలగు తావులలో సామాన్య జనులే, అనగా బడిపంతుళ్ళు, దుకాణదారులు, విద్యార్థులు, గృహిణులు కొలదిగా తరిఫీదు పొంది, చిన్న చిన్న చందాలు పోగుచేసి, తమ వీధిలోని మంచముపట్టినవారిని చూచుకొనసాగిరి. నర్సు పుండు కట్టును. పొరుగువాడు బియ్యము తెచ్చును. మరియొకడు ఒక పూట కూర్చుండి ఇంటివారిని నిద్రపోనిచ్చును. 2008లో ఆ ప్రభుత్వము దీనిని తన విధానముగా చేసికొన్నది. మన తెలుగువారికిని హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రిలో ఇట్టి విభాగము ఏర్పడినది. ఆ నగరములోనే 2011లో స్పర్శ్ హాస్పిస్ మొదలైనది. కాని హైదరాబాదు మన డెల్టా గ్రామములకు చాల దూరము. కాలువగట్టుమీది ఇంటికి రాత్రి రెండు గంటలకు రాగలవాడు పొరుగువాడే.

అందరికిని ఇల్లే సరియైన స్థలమని మేము చెప్పుటలేదు. ఒకే గది గల యిల్లు, చూచువారు లేని వృద్ధులు, ఆగని రక్తస్రావము, అణగని నొప్పి, ఇట్టివి ఉన్నచోట ఆస్పత్రికో హాస్పిస్‌కో తీసికొనిపోవుటయే ప్రేమ. అట్లు చేసినవారిమీద నింద వేయకుడి. చట్టమును గూర్చి కూడ ఒక మాట. 2018 మార్చి 9న మన సుప్రీంకోర్టు, కోలుకొను ఆశ లేనప్పుడు కృత్రిమముగా ప్రాణము నిలుపు సాధనములను నియమములకు లోబడి తీసివేయవచ్చుననియు, ఆ విషయములో మనిషి తన యిష్టమును ముందుగా వ్రాసి యుంచవచ్చుననియు తీర్పు చెప్పెను. 2023లో ఆ నియమములను కొంత తేలిక చేసిరి. ప్రాణమును తీయుట ఇందులో లేదు. దేవుడిచ్చిన ప్రాణమును మనము తీయరాదు. ఆయన పిలుచునప్పుడు త్రోవకు అడ్డు పడవలసిన పనియు లేదు.

చివరిగా ఒక చేదుమాట; ఇది మొదట మాకే తగులును. మన ఊళ్ళలో ఒకరు చనిపోయినప్పుడు ఫ్లెక్సీలు, షామియానాలు, ఆదరణ కూడికకు విందు ఏర్పాటగును. జ్ఞాపకార్థముగా గుడికి కుర్చీలో, మైకు సెట్టో ఇత్తురు. మేమును సంతోషముగా పుచ్చుకొని పేరు చదువుదుము. ఆ ఫ్లెక్సీల ఖర్చుతో, మనిషి బ్రతికియుండగా వీపునకు పుండ్లు పడకుండ ఒక గాలిపరుపు వచ్చియుండును గదా! కొర్బాను అని చెప్పి తలిదండ్రులకు చేయవలసినది మానినవారిని ప్రభువు గద్దించెను (మార్కు 7). అట్టి కొర్బానును పుచ్చుకొను పళ్ళెము మా చేతిలోనిదే కాకూడదని మేము ప్రార్థించుచున్నాము.

కాబట్టి ఈ నెలలో ప్రతి సంఘమువారు ఒక పని చేయుదురని ఆశించుచున్నాము. మీ గ్రామములో మంచముపట్టినవారు ఎందరో లెక్కించుడి. మన సంఘమువారినే గాక అందరిని లెక్కించుడి. ఒక్కొక్క మంచమునకు నలుగురిని ఏర్పరచుడి. ఒకరు వారమునకు ఒక రాత్రి మేల్కొనవలెను. ఒకరు మందుల కొరకు పట్టణమునకు పోవలెను. ఒకరు పూటకు అన్నము పంపవలెను. ఒకరు ఊరక కూర్చుండవలెను. యోబు స్నేహితులు చేసిన మంచిపని ఆ యేడు దినములు మాటలాడక కూర్చుండుటయే; నోరు తెరచిన తరువాతనే తప్పిరి. వెళ్ళిన యింటిలో, "ఎందుకు తెచ్చేశారు?" అని అడుగకుడి. "ఈ రాత్రి నేనుంటాను, మీరు పడుకోండి" అని చెప్పుడి.

అప్పుడు బెంజ్ సర్కిల్ దాటి బందరు రోడ్డున నిశ్శబ్దముగా వచ్చు బండికి ఊరి మొగను నలుగురు ఎదురువచ్చెదరు. అందులోని మనిషి తాను విడిచిపెట్టబడలేదని, ఇంటికి వచ్చితినని తెలిసికొనును.

ప్రార్థన: గెత్సేమనేలో ఒంటరిగా నుండిన ప్రభువా, నీ శిష్యులవలె మేమును నిద్రించితిమి, క్షమించుము. మా గ్రామములలో ఈ రాత్రి మేల్కొనియున్న భార్యలకు, కోడండ్రకు, బిడ్డలకు బలమిమ్ము. వారి ప్రక్కకు మమ్మును లేపి పంపుము. మా వంతు వచ్చినప్పుడు మా చేయి పట్టుకొనుటకు ఒకరిని దయచేయుము. ఆమేన్.